సాఫ్ట్‌వేర్ వేరు, ప్రసారం వేరు

టెలివిజన్ చూడాలంటే ఇంట్లోకి కేబుల్ తీగ రావాలన్న అభిప్రాయం తెలుగునాట బలంగా పాతుకుపోయింది గాని, తెలుగు పల్లెల్లో కొన్నింటికి టెలివిజన్ మొదట వచ్చింది ఆకాశం నుంచే. 1975 ఆగస్టు 1న మొదలైన సైట్ ప్రయోగం, అంటే ఉపగ్రహం ద్వారా గ్రామాలకు బోధనా కార్యక్రమాలు అందించిన ప్రయోగం, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఏడాదిపాటు ఎరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు బొమ్మను చేర్చింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. జాలీతో అల్లిన 3 మీటర్ల గొడుగు యాంటెన్నా ఒకటి, దాని కింద టీవీ పెట్టె ఒకటి, పెట్టె చుట్టూ ఊరు. తీగ లేదు. నెల బిల్లు లేదు.

కేబుల్ ఆ తర్వాతి కథ. 1990ల్లో వీధి వీధికీ ఒక ఆపరేటరు తయారై, తన మిద్దె మీద పెద్ద డిష్‌లు నిలబెట్టి, కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ తీగ లాగినప్పుడు, తిరుపతిలోనూ చిత్తూరులోనూ టెలివిజన్ అనే మాటకూ కేబుల్ అనే మాటకూ తేడా లేకుండా పోయింది. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త విధానాన్ని అమల్లోకి తెచ్చి, 100 చానెళ్ల వరకు 130 రూపాయల నెట్‌వర్క్ రుసుమును గరిష్ఠంగా నిర్ణయించి, చెల్లించి చూసే చానెళ్లకు విడివిడిగా ధర ప్రకటించాలని ఆదేశించడంతో, ఏ చానెల్‌కు ఎంత కడుతున్నదీ ప్రేక్షకుడికి మొదటిసారిగా కాగితం మీద కనిపించింది. కనిపించిన తర్వాత ప్రశ్న కూడా పుట్టింది: ఇందులో ఉచితంగా దొరికేవి ఏవి, వాటిని తీగ లేకుండా తెచ్చుకునే మార్గం ఉందా?

ఉంది. ఆ మార్గంలో ముఖ్యమైన సాధనం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఒక సాఫ్ట్‌వేర్‌ను రాసిన మూలపాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదవడానికీ, మార్చుకోవడానికీ, ఇతరులకు పంచడానికీ అనుమతిస్తూ విడుదల చేస్తే దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. దీనికి లైసెన్సు రుసుము ఉండదు, తయారు చేసిన సంస్థ మూతపడినా సాఫ్ట్‌వేర్ మూతపడదు. ఈ మాట వినగానే ఇదేదో ఇంజనీర్ల వ్యవహారమని శ్రోతలు అనుకోనవసరం లేదు. కంప్యూటర్ ఉన్న చాలా ఇళ్లలో నారింజ రంగు ట్రాఫిక్ కోన్ బొమ్మతో కనిపించే వీఎల్‌సీ ఈ జాతిదే. సినిమా ఫైలు తెరవడానికి దాన్ని వాడేవారు లెక్కకు మించి ఉన్నారు గాని, అది పుట్టింది టెలివిజన్ కోసమే అన్న సంగతి తెలిసినవారు తక్కువ.

ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోదగింది. 1996లో పారిస్ సమీపంలోని ఎకోల్ సెంత్రాల్ అనే ఇంజనీరింగ్ విద్యాసంస్థలో విద్యార్థుల వసతిగృహానికి ఉన్న కంప్యూటర్ నెట్‌వర్క్ చాలా నెమ్మది. విద్యార్థులకు వేగమైన నెట్‌వర్క్ కావాలి. అసలు కారణం కంప్యూటర్ ఆటలే అయినా, ఆటల కోసమని అడిగితే డబ్బిచ్చేవారు ఎవరు? వసతిగృహంలో గదికొక డిష్, గదికొక సెట్‌టాప్ బాక్స్ పెట్టే బదులు, ఒక్క పెద్ద డిష్‌తో ఉపగ్రహ ప్రసారాన్ని పట్టి, దాన్ని నెట్‌వర్క్ మీదుగా ప్రతి గదిలోని కంప్యూటర్‌కూ పంపగలిగితే ఖర్చు కలిసివస్తుందన్న ఆలోచన ముందుకు వచ్చింది. ఆ పని కోసం వేగమైన నెట్‌వర్క్ వచ్చింది. ప్రసారాన్ని పంపే భాగం, అందుకుని చూపించే భాగం అని రెండు భాగాలుగా విద్యార్థులే సాఫ్ట్‌వేర్ రాశారు. అందుకుని చూపించే రెండో భాగమే నేటి వీఎల్‌సీ. 2001 ఫిబ్రవరి 1న విద్యాసంస్థ సమ్మతితో దాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద ప్రపంచానికి విడుదల చేశారు. ఒక్క డిష్, ఒక్క కంప్యూటర్, ఎన్నో తెరలు: ఈ ప్రసంగంలో ముందుముందు మళ్లీ ఎదురయ్యే సూత్రం ఇదే.

రెండో పేరు కోడి. ఎక్స్‌బాక్స్ అనే ఆటల యంత్రంతో ఆటలే కాక సినిమాలు, పాటలు కూడా నడిపించాలని కొందరు ఔత్సాహికులు 2002లో మొదలుపెట్టిన ప్రయత్నం ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్‌గా ఎదిగి, ఆ యంత్రాన్ని దాటి కంప్యూటర్లకూ ఫోన్లకూ టీవీలకూ వ్యాపించి, 2014లో కోడి అన్న పేరు పెట్టుకుంది. లాభాపేక్ష లేని ఫౌండేషన్ దాని బాగోగులు చూస్తుంది. టీవీ తెర మీద దూరం నుంచి రిమోట్‌తో నడపడానికి అనువుగా పెద్ద అక్షరాలతో, పెద్ద బొమ్మలతో దాన్ని తీర్చిదిద్దారు.

అయితే కోడి విషయంలో జరిగే పొరపాటు ఒకటుంది. ఈ ప్రసంగానికి అదే ప్రాణం కనుక శ్రోతలు శ్రద్ధగా గమనించాలి. కోడిలో చానెళ్లు ఉండవు. ఒక్కటి కూడా ఉండదు. కోడి పళ్లెం ఇస్తుంది, అన్నం వడ్డించదు. చానెల్ ఎక్కడి నుంచి రావాలో, దాన్ని చూసే హక్కు ఉందో లేదో, ఆ ఇంటివారే తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ వేరు, ప్రసారం వేరు.

ఇక ఆ ప్రసారాలు వచ్చే దారులు రెండు. ఒకటి ఇంటర్‌నెట్, రెండు ఉపగ్రహం.

ఇంటర్‌నెట్ దారిలో ప్రసార సంస్థ తన కార్యక్రమాన్ని కొద్ది సెకన్ల నిడివి గల ముక్కలుగా కోసి, వరుసగా ఆ ముక్కల చిరునామాలు రాసిన చిన్న జాబితాను ప్రతి కొన్ని సెకన్లకూ మారుస్తూ ఉంటుంది. చూసేవారి సాఫ్ట్‌వేర్ ఆ జాబితా చదివి, ముక్కలను ఒకదాని వెంట ఒకటి తెచ్చి, అతుకు కనబడకుండా తెర మీద నడిపిస్తుంది. 2009లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ప్రసార సంస్థ బహిరంగంగా ఇచ్చిన చిరునామా చేతిలో ఉంటే, దాన్ని వీఎల్‌సీలో నెట్‌వర్క్ స్ట్రీమ్ అన్న చోట అతికించడమే ఆలస్యం, బొమ్మ వస్తుంది. అలాంటి చిరునామాలను పేర్లతో సహా ఒకే కాగితం మీద రాసినట్టు రాసిన ఫైలును ప్లేలిస్ట్ అంటారు. ఆ ప్లేలిస్ట్‌ను కోడికి ఇస్తే, అది వాటిని మామూలు చానెళ్లలాగే వరుస సంఖ్యలతో చూపిస్తుంది.

ముక్కలు కోయడం, పంపడం, పోగుచేయడం వల్ల కొంత జాప్యం తప్పదు. సూళ్లూరుపేటలో ఉన్నవారికి దీన్ని వివరించనక్కర్లేదు. 2022 నుంచి తిరుపతి జిల్లాలో భాగమైన శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు, మిద్దె మీద నిలబడినవారు దాన్ని ఆకాశంలో చూసిన తర్వాతే, ఇంట్లో ఇంటర్‌నెట్ ద్వారా చూస్తున్న తెర మీద అంకెల లెక్కింపు సున్నాకు చేరుతుంది. ప్రత్యక్ష ప్రసారం అన్న మాటకు ఇంటర్‌నెట్‌లో కొన్ని సెకన్ల సడలింపు ఉంటుందని అర్థం చేసుకోవాలి.

ఉచితంగా, న్యాయంగా చూడదగిన ప్రసారాల విషయంలో తిరుపతి అదృష్టవంతమైన ఊరు. తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో ప్రారంభించిన శ్రీ వేంకటేశ్వర భక్తి చానెల్ ఈ ఊరి నుంచే నడుస్తుంది. మధ్యాహ్నం కల్యాణోత్సవాన్ని, సాయంత్రం సహస్రదీపాలంకరణ సేవను ప్రత్యక్షంగా చూపే ఈ చానెల్‌ను చూడటానికి ఎవరూ రుసుము కట్టనవసరం లేదు. ఇంటర్‌నెట్‌లోనూ అది బహిరంగంగా దొరుకుతుంది. తమిళ ప్రసారం తర్వాత చేరింది, కన్నడ, హిందీ ప్రసారాలు 2021 బ్రహ్మోత్సవాల వేళ మొదలయ్యాయి. 2020లో కరోనా కారణంగా బ్రహ్మోత్సవాలను మాడవీధుల్లో కాక ఆలయం లోపలే ఏకాంతంగా జరిపినప్పుడు, కొండ కింద తిరుపతిలో ఉన్నవారికీ, కొండకు వేల మైళ్ల దూరంలో న్యూజెర్సీలోనో సిడ్నీలోనో ఉన్నవారికీ గరుడ వాహన సేవ దొరికిన చోటు ఒక్కటే, తెర. ఏటా లక్షలమంది మాడవీధుల గ్యాలరీల్లో కిక్కిరిసి చూసే సేవ అది. ప్రసారాన్ని తాళం వేయకుండా ఉంచడం ఎంత పెద్ద నిర్ణయమో ఆ సంవత్సరం తేలింది.

దూరదర్శన్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఏడుకొండల పేరు మోసే సప్తగిరి చానెల్, 2014లో రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ చానెల్‌గా నిలిచింది. తెలంగాణకు యాదగిరి వచ్చింది. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అన్న సొంత ఇంటర్‌నెట్ వేదికను తెచ్చి, దూరదర్శన్ చానెళ్లను, ఆకాశవాణి కేంద్రాలను అందులో ఉంచింది. ఈ ప్రసంగం వింటున్న రేడియో కూడా ఆ వేదిక ఎక్కింది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. భక్తి చానెల్, దూరదర్శన్, ఒకటి రెండు వార్తా చానెళ్లు మాత్రమే చాలనుకునే ఇంటికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అవసరం పెద్దగా లేదు; స్మార్ట్ టీవీలో ముందే ఉన్న యూట్యూబ్ సరిపోతుంది. రేణిగుంట దగ్గరి ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రంలో డిక్సన్ సంస్థ టీవీలు తయారు చేస్తోంది. 2018 నుంచి షావోమీ టీవీలు అక్కడ తయారయ్యాయి. అలాంటి ఆండ్రాయిడ్ టీవీల లోపల నడిచే వ్యవస్థకు పునాది లినక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే కనుక, తెలియకుండానే ఆ ఇల్లు దాన్ని వాడుతున్నట్టే లెక్క. వాటిలో కోడినీ వీఎల్‌సీనీ ప్లే స్టోర్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. అయితే వీటి అసలు సత్తా తెలిసేది రెండో దారిలో, ఉపగ్రహం దారిలో.

దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో 33 చానెళ్లతో మొదలైంది. డిష్, పెట్టె కొనుక్కోవడమే ఖర్చు. నెల బిల్లు లేదు. ఈ ప్రసారాలను మోసే జీశాట్-15 ఉపగ్రహం ఇస్రో తయారు చేసినదే అయినా, 3 టన్నులకు పైబడిన దాని బరువును అప్పటి మన రాకెట్లు మోయలేవు కనుక, శ్రీహరికోట పక్కనే ఉండగా అది 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్ మీద పైకి వెళ్లింది. ఫ్రీ డిష్‌లో చాలా చానెళ్లకు తాళం ఉండదు. తాళం లేదంటే, ఫలానా కంపెనీ పెట్టెతోనే చూడాలన్న నిర్బంధం లేదని అర్థం. ఉపగ్రహ సంకేతాన్ని కంప్యూటర్‌కు అందించే ట్యూనర్ అనే చిన్న పరికరాన్ని తగిలిస్తే, కంప్యూటరే సెట్‌టాప్ బాక్స్ అవుతుంది.

అప్పుడు రంగంలోకి వచ్చే సాఫ్ట్‌వేర్ పేరు టీవీహెడ్‌ఎండ్. కేబుల్ పరిభాషలో హెడ్‌ఎండ్ అంటే ఆపరేటరు డిష్‌లూ రిసీవర్లూ ఉండే గది, చానెళ్లన్నీ పోగై వీధిలోకి బయలుదేరే చోటు. ఈ సాఫ్ట్‌వేర్ ఆ గదిని ఇంటిలోని ఒక చిన్న కంప్యూటర్‌లోకి దించుతుంది. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేయంత కంప్యూటర్ అయినా దీనికి సరిపోతుంది. మిద్దె మీద డిష్, మెట్ల కింద చిన్న కంప్యూటర్, వైఫై రూటర్: ఇంతే సామగ్రి. ట్యూనర్ పట్టిన చానెల్‌ను ఈ సాఫ్ట్‌వేర్ ఇంటి నెట్‌వర్క్‌లోకి వదులుతుంది. హాల్లోని టీవీ, వంటింట్లోని పాత ట్యాబ్, చదువుకునే పిల్లల ల్యాప్‌టాప్ కోడి ద్వారా దాన్ని అందుకుంటాయి. ఉపగ్రహం ఒకే వాహక తరంగం మీద పలు చానెళ్లను కలిపి పంపుతుంది కనుక, ఆ తరంగాన్ని పట్టిన ఒక్క ట్యూనర్‌తోనే అందులోని వేర్వేరు చానెళ్లను వేర్వేరు గదుల్లో ఏకకాలంలో చూడవచ్చు. ఒక్క డిష్, ఒక్క కంప్యూటర్, ఎన్నో తెరలు. పారిస్ విద్యార్థుల సూత్రం తిరుపతి ఇంట్లోనూ అదే.

ఈ ఏర్పాటులో పెద్ద లాభం, ఇంటర్‌నెట్ డేటా ఖర్చు కాకపోవడం. సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో వచ్చే స్పష్టమైన బొమ్మ గంటకు సుమారు 1.8 గిగాబైట్ల డేటా తింటుంది. అంటే రోజుకు 2 గిగాబైట్లు ఇచ్చే ఫోన్ ప్లాన్‌తో టీవీ చూసేవారికి ఒక సినిమా సగమైనా కాకముందే రోజు కోటా చివరికొస్తుంది. ఉపగ్రహానికి కోటా లేదు. నష్టం వానల్లో తెలుస్తుంది. ఈ ప్రసారాలు వాడే కేయూ బ్యాండ్ తరంగాలను దట్టమైన వాన మింగేస్తుంది, కనుక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మీద కూడా ఆధారపడే చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో, వాన హోరెత్తినప్పుడు బొమ్మ ముక్కలై ఆగిపోవడం మామూలే. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానల వంటివి వస్తే డిష్, తీగ, కరెంటు మూడూ కలిసికట్టుగా చేతులెత్తేస్తాయి. అప్పటికి బ్యాటరీ రేడియోయే దిక్కు.

టీవీహెడ్‌ఎండ్ రికార్డు కూడా చేస్తుంది. చట్టం ఒప్పుకుంటుందా అన్న సందేహం రావడం సహజం. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 37వ సెక్షన్ ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఇచ్చింది. అదే చట్టంలోని 39వ సెక్షన్, సొంత వాడకం కోసం చేసుకున్న రికార్డింగ్‌ను ఆ హక్కుకు భంగంగా చూడరాదని చెప్పింది. సొంతానికి అన్న మాట ఇందులో కీలకం. మధ్యాహ్నం కల్యాణోత్సవాన్ని రికార్డు చేసి, ఉద్యోగం నుంచి వచ్చాక చూసుకోవడం ఒక పని. దాన్ని కాపీలు తీసి అమ్మడమో, పదిమందికీ ఇంటర్‌నెట్‌లో వదలడమో పూర్తిగా వేరే పని.

చట్టం మాట వచ్చింది కనుక, ఓపెన్ సోర్స్ పేరును చెడగొడుతున్న వ్యాపారం గురించి కూడా చెప్పాలి. అన్ని పెయిడ్ చానెళ్లూ, అన్ని కొత్త సినిమాలూ జీవితాంతం ఉచితమంటూ కోడిని ముందే నింపి అమ్మే పెట్టెలు దేశదేశాల్లో కనిపించాయి. ఐరోపా న్యాయస్థానం 2017 ఏప్రిల్ 26న ఇచ్చిన తీర్పులో, అలాంటి పెట్టెలను అమ్మడమే హక్కుల ఉల్లంఘన అని తేల్చింది. కోడి తయారీదారులే ఆ పెట్టెల మీద అందరికన్నా ఎక్కువ కోపంగా ఉన్నారు. దొంగ సరుకు ఆగిపోయిన రోజున తిట్లు తినేది వారి సాఫ్ట్‌వేర్ కనుక. డబ్బు కట్టి చూడవలసిన చానెల్ ఒక ప్లేలిస్ట్‌లో ఉచితంగా కనిపించిందంటే, దాన్ని ఎవరో దొంగిలించి అక్కడ పెట్టారనే అనుకోవాలి. సాఫ్ట్‌వేర్ న్యాయమైనదే. ప్రసారం న్యాయమైనదా అన్నది వేరే ప్రశ్న. న్యాయమైన సాఫ్ట్‌వేర్‌కు కూడా చిక్కులు తప్పలేదు: 2022లో భారతదేశంలో వీఎల్‌సీ వెబ్‌సైట్‌ను నెలల తరబడి నిలిపివేసి, న్యాయపోరాటం మొదలయ్యాక నవంబరులో తెరిచారు.

నాలుగో సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన మూలపాఠాన్ని మూసివేసినప్పుడు, నచ్చని కొందరు అప్పటిదాకా బహిరంగంగా ఉన్న పాఠాన్ని తీసుకుని 2018 డిసెంబరులో వేరు కాపురం పెట్టారు. ఓపెన్ సోర్స్ లైసెన్సు ఇచ్చే రక్షణ ఎలాంటిదో చూపే ఉదాహరణ ఇది. ఇంట్లో పడి ఉన్న పెళ్లి వీడియోలు, గంగమ్మ జాతరలో తీసుకున్న దృశ్యాలు, డిస్కులుగా కొన్న సినిమాలు అన్నీ ఒక కంప్యూటర్‌లో చేర్చితే, జెల్లీఫిన్ వాటిని బొమ్మలతో, వివరాలతో సొంత చానెల్‌లా అమర్చి పెడుతుంది. జాగ్రత్తగా ఏర్పాటు చేసుకుంటే, ఊరు దాటి వెళ్లిన పిల్లలు కూడా వాటిని అక్కడినుంచే చూడగలరు.

చిత్తూరు జిల్లాకు ఈ సాధనాలు ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటుంది. కుప్పం, నగరి వంటి సరిహద్దు ఊళ్లలో ఒకే ఇంట్లో తెలుగు, తమిళం వినిపిస్తాయి, కుప్పం వైపు కన్నడమూ తోడవుతుంది. ప్యాకేజీలు మాత్రం రాష్ట్రాన్ని బట్టి, భాషను బట్టి తయారవుతాయి. సొంతంగా రాసుకున్న ప్లేలిస్ట్‌కు సరిహద్దు లేదు. సప్తగిరి పక్కన దూరదర్శన్ తమిళ్‌నూ, దాని పక్కన చందన కన్నడ చానెల్‌నూ ఆ ఇంటివారు తమకు నచ్చిన వరుసలో పెట్టుకోవచ్చు.

చివరగా తీగ విషయం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో స్థాపించిన ఫైబర్‌నెట్ సంస్థ, నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగి, ఇంటర్‌నెట్, ఫోన్, టెలివిజన్ మూడింటినీ నెలకు 149 రూపాయలకు ఇస్తామంటూ ముందుకు వచ్చింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ఇంటి గుమ్మం దాకా ఆ కనెక్షన్ చేర్చే పనిని సంస్థ స్థానిక కేబుల్ ఆపరేటర్లకే అప్పగించింది. కనుక కేబుల్ మానేసి ఇంటర్‌నెట్ టెలివిజన్‌కు మారిన ఇంటికి కూడా తరచుగా వచ్చేది పాత ఆపరేటరే. ఎక్కేది అదే స్తంభం, రశీదు మీద మాత్రం కేబుల్ చార్జీ బదులు ఇంటర్‌నెట్ చార్జీ అని ఉంటుంది.